నడుం నొప్పికి పది రోజులకని రాసిన మాత్ర, మూడేళ్లయినా ఆగలేదు

ప్రశ్న

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సొంతూరు కదిరి దగ్గర. మేనత్త కొడుకునే చేసుకున్నారు. పెళ్లై పదహారేళ్లు, ఎనిమిదో తరగతి చదివే కూతురు. భర్తకు 41 ఏళ్లు, సొంత కారుతో క్యాబ్ నడుపుతారు. మూడేళ్ల కిందట స్కూటరు మీద నుంచి పడితే నడుములో డిస్కు జరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్న డాక్టరు ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకు రెండు చొప్పున పది రోజులకు రాశారు. ఆ చీటీ జిరాక్సు చూపించే ఆయన ఇప్పటికీ మూడు మందుల షాపుల్లో మాత్రలు తెచ్చుకుంటున్నారు. ఒక షాపులో ఖాతా కూడా ఉంది.

కారు డిక్కీలో స్టెప్నీ టైరు కింద ఒక కవరు నిండా ఖాళీ స్ట్రిప్పులు దొరికాయి. లెక్కపెడితే రోజుకు 14 మాత్రలని తేలింది. ఆరు నెలల కిందట నిద్ర పట్టడం లేదని, దిగులుగా ఉందని వెళ్తే ఇంకో డాక్టరు ఎస్సిటలోప్రామ్ రాశారు. ట్రమడాల్ సంగతి ఆయనకు చెప్పలేదు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటూ ఫిట్స్ వచ్చి పడిపోయారు. అత్త పరుగెత్తుకొచ్చి చేతిలో బీరువా తాళాలగుత్తి పెట్టింది. రెండు నిమిషాల్లో తగ్గింది. ఆస్పత్రికి వెళ్లలేదు. మర్నాడే బండి తీశారు.

ఒకసారి ఈమె మాత్రలన్నీ దాచేశారు. రెండో రోజు రాత్రికి ఆయన ముక్కు కారుతూ, ఆవలిస్తూ, కాళ్లు మంచానికేసి కొట్టుకుంటూ, ఒళ్లంతా చీమలు పాకుతున్నాయని ఏడ్చారు. చూడలేక ఈమే తీసి చేతిలో పెట్టారు. మెళ్లో గొలుసు తాకట్టులో ఉంది. మందులకే నెలకు ఆరేడు వేలు. ఏడాదిగా భార్యాభర్తల మధ్య దగ్గరితనం లేదు, ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా అనుమానపడ్డారు. అత్తకు చెబితే "వాడు నొప్పికి మాత్తర ఏసుకుంటాండాడు, తాగొచ్చి కొడతాండాడా ఏమన్నా?" అంది. ఈమె అన్న మాత్రం ఊరి శివారులోని ఒక డీ అడిక్షన్ సెంటరుతో మాట్లాడి వచ్చాడు. మనుషులొచ్చి ఎత్తుకుపోతారు, మూడు నెలలు లోపలే ఉంచుతారు, ఫోన్లు ఉండవు.

ఈమె అడిగినవి ఇవి: డాక్టరు రాసిన మందే కదా, దీన్ని వ్యసనం అనొచ్చా? అన్న చెప్పినట్టు చేయాలా? మందుల షాపు మీద ఫిర్యాదు చేస్తే మా ఆయన మీదికే వస్తుందా? అత్తకు ఎట్లా చెప్పాలి?

సమాధానం

అమ్మా, మీరు అడిగిన నాలుగింటికీ జవాబు చెబుతాను. వాటికంటే ముందు చూడాల్సింది మీరు ఉత్తరంలో నాలుగో పేజీలో ఒక పక్కన రాసిన ఫిట్స్ సంగతి. సెంటరు, షాపు, అత్త అన్నీ వారం ఆగినా ఫరవాలేదు. ఇది రేపో ఎల్లుండో డాక్టరు ముందుకు పోవాలి.

మీరు చెప్పిన మాత్రలో మామూలుగా ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. 14 మాత్రలంటే ట్రమడాల్ 525 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద దాటకూడని హద్దు 400. ఆ హద్దు పైకి పోయేకొద్దీ ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది, హద్దు లోపల కూడా కొందరికి వస్తాయి. దీనికి ఎస్సిటలోప్రామ్ తోడైంది. రెండూ మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే. రెండూ కలిస్తే ఫిట్స్ భయం ఇంకా ఎక్కువ. ఒళ్లు వణకడం, విపరీతమైన చెమట, కండరాలు ఎగిరెగిరి పడటం, జ్వరం, కాలు ఒకచోట నిలవకపోవడం కూడా కనిపించొచ్చు. ఇవన్నీ ఒకేసారి కనిపిస్తే అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. అట్లాగని ఎస్సిటలోప్రామ్‌ను మీరే ఆపేయకండి. దాన్ని ఉన్నట్టుండి ఆపినా తల తిరుగుడు, ఆందోళన వస్తాయి. రెండు మందుల స్ట్రిప్పులూ ఒకే డాక్టరు బల్ల మీద పెట్టండి.

పారాసిటమాల్ లెక్క కూడా చూడండి. 14 మాత్రలంటే 4,550 మిల్లీగ్రాములు, అంటే నాలుగున్నర గ్రాముల పైన. రోజుకు నాలుగు గ్రాములు దాటితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంటుంది, మద్యం తాగేవాళ్లకు ఇంకా ముందే. కాలేయం చాలా దూరం దెబ్బతినే దాకా నొప్పి అని కూడా చెప్పదు. అందుకని కాలేయం పరీక్ష, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించమని మీరే అడగండి. ఆ లోపు జలుబుకో జ్వరానికో ఇంట్లో ఉన్న ఇంకో పారాసిటమాల్ మాత్ర ఇవ్వకండి. జలుబు మాత్రల్లో చాలా వాటిలో అది కలిసే ఉంటుంది. నిద్రమాత్ర, మద్యం అసలు వద్దు. ట్రమడాల్‌తో అవి కలిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది.

ఫిట్స్ మళ్లీ వస్తే ఏం చేయాలో అత్తకూ పాపకూ కూడా నేర్పండి. తాళాలు, ఇనుము, ఉల్లిపాయ ఏవీ పనిచేయవు. అవి పట్టించబోయి చేతిని బలవంతంగా విప్పితే వేళ్లకు దెబ్బ. నోట్లో చెంచా, గుడ్డ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. చుట్టూ ఉన్న బకెట్, స్టూలు జరిపి, తల కింద మెత్తటిది పెట్టి, కుదుపు ఆగగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ లేకపోయినా, ఎంత కదిపినా లేవకుండా, ఊపిరి బాగా నెమ్మదించి, పెదాలు నీలంగా మారితే అది మందు ఎక్కువైన గుర్తు. పక్కకు తిప్పి వెంటనే 108.

ఇక బండి. ఇది మీ ఇంటికి ఎంత కష్టమో తెలిసే రాస్తున్నాను. ఫిట్స్ వచ్చిన మనిషి డాక్టరు సరేననే దాకా స్టీరింగు పట్టకూడదు. వెనక సీట్లో ఎవరి పిల్లలో ఉంటారు. కారు కంతు ఆగకూడదంటే నమ్మకమైన డ్రైవరుకు రోజు బాడుగకు ఇచ్చి చూడండి. సగం రాబడే వస్తుంది. కానీ ఆరేడు వేల మందుల ఖర్చు తగ్గితే ఆ సగానికి కొంత కలుస్తుంది. ఫిట్స్‌కు కారణం ట్రమడాలేనని మనం ఇంట్లో కూర్చుని తేల్చేయకూడదు కూడా. స్కూటరు మీద నుంచి పడిన మనిషి కాబట్టి తలకు స్కానింగు, మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష అవసరమా అన్నది నరాల డాక్టరు చెప్పాలి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. డాక్టరు రాసిన మందు కూడా వ్యసనం కావచ్చు. రాసింది పది రోజులకు, రోజుకు రెండు. ఆ తరవాత జరిగినదానిలో రెండు విషయాలున్నాయి. వాటిని విడదీసి చూస్తే మీకు ఆయన మీద కోపం కొంత తగ్గుతుంది.

ఒకటి, ఒళ్లు అలవాటు పడటం. ట్రమడాల్ ఓపియాయిడ్ జాతి మందు. నల్లమందు, మార్ఫిన్ మెదడులో ఎక్కడ అతుక్కుంటాయో ఇదీ అక్కడే. రోజూ వారాల తరబడి వేసుకుంటే ఎవరికైనా, ఎంత నిష్ఠాపరుడికైనా, ఒళ్లు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. పాత మోతాదు చాలదు, ఆపితే తట్టుకోలేదు. ముక్కు కారడం, ఆవలింతలు, విరేచనాలు, కాళ్ల తీపు దాని వల్లే. ట్రమడాల్‌కు ఇంకో గుణం ఉంది, సెరొటోనిన్, నార్ అడ్రినలిన్ అనే మెదడు రసాయనాల మీద కూడా పనిచేస్తుంది. అందుకే ఆపినప్పుడు కొందరికి మార్ఫిన్ మానినవాళ్లలో అంతగా కనిపించని బాధలు వస్తాయి. విపరీతమైన భయం, ఒంటి మీద చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు. మీ ఆయన చీమలని ఏడ్చింది నాటకం కాదమ్మా. చివరి మాత్ర వేసుకున్న 12 నుంచి 24 గంటల్లో ఈ బాధ మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరుతుంది. వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతుంది. మీరు మాత్రలు తిరిగి ఇచ్చింది సరిగ్గా బాధ గట్టెక్కబోయే ముందు. అందులో మీ తప్పు లేదు, ఆయన తప్పూ లేదు. డాక్టరు లేకుండా ఇంట్లో చేసిన ప్రయత్నం అట్లాగే తెగుతుంది. పైగా ఎప్పుడు ఎంత వేసుకున్నారో తెలియకుండా ఒక రోజు దాచి, మర్నాడు ఒకేసారి ఇస్తే మోతాదు పాతాళానికీ ఆకాశానికీ ఊగుతుంది. ఫిట్స్ వచ్చిన మనిషికి అది ఇంకా ప్రమాదం.

రెండోది అదుపు తప్పడం. మూడు షాపులు, స్టెప్నీ కింద కవరు, తాకట్టు, ఫిట్స్ వచ్చాక కూడా అదే లెక్క. దీన్ని వ్యసనమనే అంటారు. నేను ఆ మాటను తిట్టుగా వాడటం లేదు, జబ్బు పేరుగా వాడుతున్నాను. కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన దేశవ్యాప్త సర్వేలో, 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో హెరాయిన్ వాడేవాళ్లు 1.14 శాతమైతే ఈ రకం మందుల షాపు ఓపియాయిడ్లు వాడేవాళ్లు 0.96 శాతం ఉన్నారు. మందుల షాపు కవరులో వచ్చేది కాబట్టి ఇంట్లోవాళ్ల కంటికి ఆనదు, అంతే తేడా.

ఇంకొకరు ఉన్నారేమోనన్న మీ అనుమానం గురించి. ఓపియాయిడ్లు ఏళ్ల తరబడి వాడితే మగవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను పడిపోతుంది. కోరిక తగ్గుతుంది, నీరసం, దిగులు వస్తాయి. మలబద్ధకం వల్ల బాత్రూములో గంటలు గంటలు ఉండిపోవడం కూడా ఇందులో భాగమే. మీరు చెప్పినవన్నీ దీనితో సరిపోతాయి. ఆయనకే ఈ సంగతి తెలిసి ఉండదు, సిగ్గుతో మీకు దూరంగా జరిగి ఉంటారు.

మీ అన్న మాట తీసుకుందాం. ఆయన మీ మీద ప్రేమతోనే వెళ్లి మాట్లాడి వచ్చారు. కానీ ఎత్తుకుపోయే సెంటరుకు నేను సరే అనలేను, మూడు కారణాలున్నాయి. మొదటిది ప్రాణం. ఫిట్స్ వచ్చిన, కాలేయం పరిస్థితి తెలియని మనిషికి డాక్టరు, నర్సు రాత్రిళ్లు లేని చోట 525 మిల్లీగ్రాములు ఒక్కసారిగా ఆపేయడం చాలా పెద్ద ప్రమాదం. రెండోది చట్టం. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 ప్రకారం మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక జబ్బు కిందికే వస్తాయి. మామూలుగా మనిషి తన ఇష్టంతోనే చేరాలి. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఆయన తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు సైకియాట్రిస్టు, వేర్వేరుగా పరీక్షించి అవసరమని తేల్చాలి. అప్పుడు కూడా మొదట 30 రోజులకు మించకూడదు. నలుగురు మనుషులొచ్చి ఎత్తుకుపోవడం ఇందులో ఎక్కడా లేదు. మూడోది మీ ఇల్లు. ఆయన మీకు మేనత్త కొడుకు. బావను బావమరిది కట్టి తీసుకుపోయాడన్న మాట రెండు ఇళ్లలోనూ ముప్పై ఏళ్లు ఉంటుంది.

మూడు నెలలు లోపల ఉంచి పంపితే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. మందు మానిన కొద్ది వారాల్లో ఒంటికి ఉన్న ఓర్పు పోతుంది. నొప్పి మాత్రం అట్లాగే ఉంటుంది. బయటికొచ్చిన వారంలో నొప్పి భరించలేక పాత లెక్క గుర్తుపెట్టుకుని అదే 14 వేసుకుంటే, అప్పుడు తట్టుకున్న ఒళ్లు ఇప్పుడు తట్టుకోలేదు. ప్రాణాలు పోయేది చాలాసార్లు ఇక్కడే. అన్నకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. ఆయన సాయం వద్దనకండి. ఆస్పత్రికి తోడు రావడానికి, బాడుగ డ్రైవరును వెతకడానికి ఆయనే కావాలి. ఒకవేళ ఎప్పుడైనా ప్రైవేటు సెంటరు తప్పనిసరి అయితే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, రాత్రి డ్యూటీ డాక్టరు పేరు అడగండి, మీరు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా అని అడగండి. ఫోన్లు ఉండవు, మూడు నెలలు రావద్దు అన్నచోట అడుగు పెట్టకండి.

మరి ఎక్కడికి పోవాలి? మీరు బెంగళూరులో ఉన్నారు, ఈ విషయంలో అది అదృష్టం. హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బుల పెద్దాస్పత్రి నిమ్హాన్స్ ఉంది, అందులో వ్యసనాల చికిత్సకే సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ అని విడిగా విభాగం ఉంది. అంత దూరం పోలేకపోతే దగ్గరలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి మానసిక విభాగం. వెళ్లే ముందు ఒకసారి మాట్లాడుకోవాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. మత్తు సమస్యలకే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446.

అక్కడ మీ ముందు మూడు రకాల దారులు పెట్టవచ్చు. ఏది మంచిదన్నది ఆయన పరీక్షలు చూశాకే తేలుతుంది. కానీ మీకు ముందే తెలిసి ఉంటే ప్రశ్నలు అడగగలుగుతారు.

మెల్లగా తగ్గించుకుంటూ పోవడం ఒకటి. పారాసిటమాల్ కలిసిన మాత్ర ఆపి, వట్టి ట్రమడాల్‌కు మార్చి, వారానికో రెండు వారాలకో పదో వంతు చొప్పున తగ్గిస్తారు. నెలలు పడుతుంది. ఇంట్లోనే ఉండొచ్చు. మాత్రలు మీ దగ్గర తాళంలో ఉండాలి, రోజుకు ఇన్ని, ఈ వేళకు అని కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇది తెగిపోయేది ఎక్కడో చెబుతాను. 14లో ఒక మాత్ర తగ్గిస్తే అది ఏడు శాతం. 4లో ఒక మాత్ర తగ్గిస్తే పాతిక శాతం. మొదట్లో ఒక్కో మాత్ర సులువుగా తగ్గింది కదా అని చివర్లోనూ అదే వేగంతో పోతే, నాలుగు దగ్గరో మూడు దగ్గరో మనిషి కూలిపోతాడు, మళ్లీ పదికి పోతాడు. చివరి మెట్లు చిన్నవిగా ఉండాలి, వాటికి ఎక్కువ రోజులు ఇవ్వాలి. ఫిట్స్ వచ్చినందువల్ల ఈ దారి మీ ఆయనకు వద్దని డాక్టరు అనే అవకాశం బాగా ఉంది. అందుకే దీన్ని మీరే ఇంట్లో మొదలుపెట్టకండి.

రెండోది ఆస్పత్రిలో చేరి మానడం, సుమారు పది పదిహేను రోజులు. చెమటకు, గుండెదడకు క్లోనిడిన్ లాంటిది ఇస్తారు. అది బీపీ తగ్గిస్తుంది కాబట్టి రోజుకు చాలాసార్లు బీపీ చూస్తారు. విరేచనాలకు, నిద్రకు విడిగా మందులుంటాయి. త్వరగా అయిపోతుంది. కానీ ఒళ్లు శుభ్రమైన ఆ రోజు నుంచే అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకో పైన చెప్పాను. మళ్లీ మందు ఎక్కకుండా ఉండటానికి నాల్ట్రెక్సోన్ మాత్ర ఇస్తారు. ఓపియాయిడ్ మానిన 7 నుంచి 10 రోజులు గడిచాకే అది మొదలుపెట్టాలి. ఒంట్లో ట్రమడాల్ ఉండగా వేస్తే నిమిషాల్లో ఘోరమైన బాధ మొదలవుతుంది. ఆ మాత్ర వాడుతున్నప్పుడు ఈ రకం నొప్పి మందులు పనిచేయవన్న సంగతి కూడా గుర్తుండాలి. ఏదైనా ఆపరేషన్ పడితే డాక్టరుకు ముందే చెప్పాలి.

మూడోది నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్. దీని గురించి మీ చుట్టుపక్కలవాళ్లు "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అంటారు. ఆ మాట విని చాలామంది మంచి దారి వదిలేసుకున్నారు. ట్రమడాల్ ఆరేడు గంటలకొకసారి ఎక్కి దిగుతుంటుంది, ఆ ఎక్కడం దిగడమే మనిషిని రోజంతా మాత్ర చుట్టూ తిప్పుతుంది. బ్యుప్రెనార్ఫిన్ నిలకడగా ఉంటుంది. ఒక హద్దు దాటాక ఎంత వేసినా మత్తు పెరగదు, నొప్పికీ పనికొస్తుంది, పనిచేసుకోవచ్చు. చివరి ట్రమడాల్ తరవాత బాధ మొదలయ్యే దాకా ఆగి, అంటే 12 నుంచి 24 గంటలు, అప్పుడే మొదటి మాత్ర ఇస్తారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైన వాడాలి. గుర్తింపు ఉన్న చోటే ఇస్తారు కాబట్టి తరచూ తిరగాలి. దీని మీద కూడా ఒళ్లు ఆధారపడుతుంది, మానేటప్పుడు మెల్లగా మానాలి. రోజుకు పదిపైన మాత్రలు మూడేళ్లు వాడి, నిజమైన నొప్పి ఉన్న మనిషి విషయంలో దీన్ని తప్పక అడిగి చూడాల్సిన దారి అని నా అభిప్రాయం.

దారి ఏదైనా నొప్పికి వైద్యం పక్కన సాగాలి. ఇది మరిచిపోయే చోట అన్నీ చెడతాయి. ఆయన నొప్పి అబద్ధం కాదు. అయితే ఇప్పుడున్న నొప్పిలో కొంత డిస్కుది, కొంత మాత్రది. ఓపియాయిడ్లు చాలాకాలం వాడితే నరాలు ఇంకా సున్నితమై, చిన్న నొప్పి పెద్దగా తెలుస్తుంది. మాత్ర దిగే వేళకు వచ్చే నడుం నొప్పి పాత గాయమే అనిపిస్తుంది గానీ, చాలాసార్లు అది మాత్ర కోసం ఒళ్లు పెట్టే కేక. తగ్గించడం మొదలయ్యాక కొన్ని వారాలు నొప్పి పెరిగి, తరవాత ముందున్నదానికంటే తక్కువకు దిగడం చాలామందిలో చూస్తాం. ఫిజియోథెరపిస్టు నేర్పే నడుం, పొట్ట కండరాల వ్యాయామం రోజూ చేయాలి, నడవాలి. మళ్లీ బండెక్కే రోజు వచ్చాక నడుము వెనక వంపులో టవల్ చుట్ట పెట్టుకుని, గంటకోసారి దిగి అయిదు నిమిషాలు తిరగాలి. షాపువాడు "ఇది మత్తు కాదన్నా" అని ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకు మారితే కిడ్నీలూ కడుపూ దెబ్బతినే ప్రమాదం ఉంది. నరాల నొప్పికి వాడే ప్రెగాబాలిన్ కూడా అట్లా తెచ్చుకోకూడదు, ఓపియాయిడ్‌తో కలిసి ఊపిరిని నెమ్మదిస్తుంది. డులాక్సెటిన్ అని నడుం నొప్పికి మంచి మందు ఉంది కానీ ట్రమడాల్ ఒంట్లో ఉండగా అది ఎస్సిటలోప్రామ్ లాంటి చిక్కే తెస్తుంది. ఏది ఎప్పుడన్నది డాక్టరు వరస పెట్టాలి.

మందుల షాపు సంగతి. ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చారు, ఎంత ఇచ్చారు అన్నది షాపు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. 2018 ఏప్రిల్ నుంచి అది మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా వచ్చింది. మూడేళ్ల నాటి జిరాక్సు మీద ఖాతా పెట్టి ఇవ్వడం నేరమే. కర్ణాటక ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, చేయడం న్యాయం కూడా. కానీ ఎప్పుడు చేస్తున్నామన్నది చూసుకోవాలి. చికిత్స మొదలుకాకముందే మూడు షాపులూ మూతపడితే మీ ఆయన నాలుగో షాపు వెతుకుతారు, లేదా ఎవడో ఇచ్చే తెలియని మాత్ర కొంటారు, లేదా ఒక్కసారిగా ఆగిపోయి మళ్లీ ఫిట్స్ తెచ్చుకుంటారు. ఆయన ఆస్పత్రి లెక్కలోకి వచ్చి ఒక నెల నిలబడ్డాక చేయండి. ఈలోపు ఖాతా పెట్టిన షాపుకు మీ అన్నతో కలిసి వెళ్లి, ఆ బాకీ మేం తీరుస్తాం, చికిత్స మొదలైన రోజు నుంచి ఇక ఇవ్వకండి అని నెమ్మదిగా చెప్పడం సగం పని చేస్తుంది.

ఆయన మీదికి వస్తుందా అన్న భయం నిజమైనదే. మత్తుమందు వాడకం కూడా ఆ చట్టంలో నేరమే. అయితే అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు చేరే మనిషికి వాడకం కేసు నుంచి రక్షణ ఇస్తుంది. అందుకే చికిత్స ముందు, ఫిర్యాదు తరవాత అంటున్నాను. ఆస్పత్రిలో చెప్పిన వివరాలు గోప్యంగా ఉంచాలని పైన చెప్పిన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చెబుతుంది.

అత్తకు "మీ కొడుకు మత్తుకు బానిసయ్యాడు" అని చెబితే తలుపు మూసుకుంటుంది. ఆమె చేతిలో తాళాలు పెట్టిన ఆదివారం నుంచే మొదలుపెట్టండి. "అత్తా, ఆ పొద్దు ఎందుకట్ల పడినాడో తెలుసా? ఈ మాత్తర ఎక్కువైతే అట్ల పడతారంట" అనండి. కన్నతల్లికి ఆ దృశ్యం కళ్ల ముందే ఉంటుంది. నాలుగున్నర గ్రాముల లెక్క, కాలేయం సంగతి చెప్పండి. గొలుసు సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే మనసు తేలికవుతుంది కానీ మాట డబ్బు మీదికి మళ్లుతుంది. నేనైతే ఆస్పత్రి తరవాత అంటాను.

ఆయనతో మాట్లాడే వేళ కూడా చూసుకోండి. మాత్ర దిగిపోయి చిరాకుగా ఉన్నప్పుడు వద్దు, వేసుకున్న గంట రెండు గంటల తరవాత, పాప బడికి పోయినప్పుడు. స్టెప్నీ కింద దొరికిన కవరు ముందర గుమ్మరించకండి. "బావా, నీ నొప్పి నిజం. ఈ మాత్తర నిన్ను ఇడ్సకపోవడమూ నిజం. నిన్ను ఎవరూ ఎత్తుకుపోరు. రెండింటికీ ఒకే చోట చూపిద్దాం, నేనూ వస్తా" అనండి. అన్న సెంటరు మాట ఆయన చెవిన ఇప్పటికే పడి ఉంటుంది, ఆ మూడో మాట ముఖ్యం. నిజమైన లెక్క ఆయన నోటితో రావాలి. 14 అని మీకు తెలుసు, కానీ ఇంకో షాపు ఉండొచ్చు. ఎంత చెప్పినా తిట్టనని ముందే మాటివ్వండి, ఇరవై అని చెప్పినా తిట్టకండి. డాక్టరు వేసే ప్రతి అడుగూ ఆ అంకె మీదే ఉంటుంది. రానంటే, మీరొక్కరే వెళ్లి డాక్టరుతో మాట్లాడవచ్చు. చాలా ఇళ్లలో మొదటిసారి భార్యో తల్లో ఒంటరిగానే వెళ్తారు.

వెళ్లే పొద్దున ఒక సంచిలో రెండు మందుల స్ట్రిప్పులు, పాత చీటీ, నడుము స్కానింగు, ఆధార్, ఉంటే బీపీఎల్ కార్డు పెట్టుకోండి. ఫిట్స్ వచ్చిన తేదీ, ఎంతసేపు ఉంది, అంతకుముందు రాత్రి ఎన్ని వేసుకున్నారు అన్నది కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గరికి కదా అని ఆ పూట మాత్రలు మాన్పించి తీసుకెళ్లకండి. వరస పొడుగ్గా ఉంటుంది, మధ్యాహ్నానికి ఒళ్లు తిరగబడితే ఆయన లోపలికి వెళ్లకుండానే తిరిగొచ్చేస్తారు. ఎప్పటి లెక్కే ఎప్పటి వేళకు, ఒకటి కూడా ఎక్కువ కాకుండా. మధ్యాహ్నం పూటవి మీ పర్సులో పెట్టుకోండి. కారు ఇంటి దగ్గరే ఉండనివ్వండి, ఆటోలో పొండి.